పుట్టకు గొడుగు పట్టేదెవరు?

ఆరుద్ర కార్తెలో రెండు మంచి వానలు పడ్డాక పలాస చుట్టుపక్కల జీడితోటల్లోకి వెళ్ళి చూడండి. తలెత్తి కాదు, తలవంచి చూడండి. జీడిమామిడి ఆకు మందంగా, తోలులాగా ఉంటుంది. తొందరగా కుళ్ళదు. అందువల్ల చెట్టు కింద రాలిన ఆకు పరుపులాగా పేరుకుపోతుంది. వేసవిలో దాని మీద నడిస్తే అప్పడాలు విరిగినట్టు చప్పుడవుతుంది. వాన పడ్డాక ఆ చప్పుడు పోతుంది. పై ఆకులు నాలుగు తీసి చూస్తే, కింది ఆకుల మధ్య తెల్లటి దారాలు సాలెగూడులాగా అల్లుకొని కనిపిస్తాయి. మరికొన్నాళ్ళు ఆగితే ఆ దారాల్లోంచి గుండుసూది తలంత గొడుగులు, నారింజరంగు పలకలు, నల్లని వేళ్ళు, గుడ్లతో సహా చిట్టి పిట్టగూళ్ళు పుట్టుకొస్తాయి. చూసేవాళ్ళకు ఇవన్నీ వేరువేరు వింతలుగా తోస్తాయి గాని, అన్నీ శిలీంధ్రాలే.

ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలను కలిపి ఉద్దానం అంటారు. ఉద్యానం అన్న మాటే ఇలా మారిందని చెబుతారు. తీరం వెంట సరుగుడు, ఇసుకనేలల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస, పడమటగా మహేంద్రగిరి కొండలు. కొద్దిపాటి దూరంలో ఇన్నిరకాల నేల, ఇన్నిరకాల నీడ ఉన్నచోట శిలీంధ్రాలకు కరువుండదు. టెక్కలి వైపు రాతికొండల మొదళ్ళలో ఉండే తుప్పలు కూడా వెతకదగ్గ చోట్లే. వీటిని వెతికి పట్టుకోవడానికి వల అక్కరలేదు, బుట్ట అక్కరలేదు. ఇంట్లో ఉన్న ఫోను కెమేరా చాలు. అయితే ఫోటో తీసే ముందు, మనం తీస్తున్నది దేని బొమ్మో తెలియాలి.

కనిపించేది కాయ, కనిపించనిది చెట్టు

మామిడిచెట్టు మొత్తం భూమిలో ఉండి, కాయ ఒక్కటే పైకి వచ్చిందనుకోండి. పుట్టగొడుగు సంగతి సరిగ్గా అదే. మనం చూసే గొడుగు శిలీంధ్రపు ఫలనాంగం మాత్రమే. అసలు శరీరం ఆకుల కింద, మట్టిలో, కుళ్ళిన దుంగలో దారాలుగా పరచుకొని ఉంటుంది. ఆ దారాలను శిలీంధ్రతంతువులు అనీ, వాటి అల్లికను శిలీంధ్రజాలం అనీ అంటారు. గొడుగు రెండు మూడు రోజుల్లో వాడిపోయినా జాలం ఏళ్ళ తరబడి బతికే ఉండవచ్చు.

శిలీంధ్రాలకు పత్రహరితం లేదు. ఎండనుంచి తిండి తయారు చేసుకోలేవు. అలాగని జంతువుల్లాగా మింగనూ లేవు. తంతువుల చివరల నుంచి ఎంజైములను బయటికి వదిలి, పదార్థాన్ని బయటనే జీర్ణం చేసి, ఆ రసాన్ని పీల్చుకుంటాయి. మనం తిని అరిగించుకుంటాం, అవి అరిగించుకొని తింటాయి! వాటి కణాల గోడల్లో కైటిన్ అనే పదార్థం ఉంటుంది. రొయ్య డొప్పలో ఉండేది కూడా కైటినే. ఒకప్పుడు వృక్షశాస్త్ర గ్రంథాల్లో మొక్కల పక్కన ఒక మూల శిలీంధ్రాలకు చోటిచ్చేవారు. 1969లో విట్టేకర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు జీవులను అయిదు రాజ్యాలుగా విభజించినప్పుడు వీటికి ప్రత్యేకంగా ఒక రాజ్యం దక్కింది. తరువాత జన్యువులను పరిశీలించగా ఇవి మొక్కలకంటె జంతువులకే దగ్గరి చుట్టాలని తేలింది.

గొడుగు పని ఒక్కటే: సిద్ధబీజాలను గాలికి వదలడం. గొడుగు అడుగున పుస్తకంలో పుటల్లాగా రేకులుంటాయి. సిద్ధబీజాలు పుట్టేది ఆ రేకుల మీదనే. బుల్లర్ అనే శాస్త్రజ్ఞుడు కెనడాలో పనిచేస్తూ 1909లో ప్రచురించిన గ్రంథంలో ఒక లెక్క ఇచ్చాడు. ఒక మామూలు మైదానపు పుట్టగొడుగు గంటకు సుమారు 4 కోట్ల చొప్పున రెండు రోజులపాటు సిద్ధబీజాలను రాల్చిందట. అన్నీ మొలిస్తే భూమి మీద మనకు నిలబడే చోటుండదు. తగినంత తేమ, తగిన ఆహారం దొరికిన ఏ ఒకటో అరో మొలుస్తుంది.

ఫోటో తీసేవాళ్ళు మొదట తెలుసుకోవలసినది ఇక్కడే ఉంది. పుట్టగొడుగును పైనుంచి మాత్రమే ఫోటో తీయడం, మనిషిని వదిలేసి తలపాగాను ఫోటో తీయడం వంటిది. అందంగా ఉండవచ్చు గాని, ఎవరో చెప్పలేం. రేకులు ఎలా ఉన్నాయి, కాడ మొదలు ఎలా ఉంది, అన్నిటికంటె ముఖ్యంగా అది దేని మీద మొలిచింది అన్నవి తెలిస్తేనే ఆనవాలు కట్టగలం. ‘దేని మీద?’ అన్న ఈ ప్రశ్న మన భాషకు కొత్తది కాదు. పుట్టగొడుగు అన్న పేరులోనే దానికి జవాబుంది. పుట్ట మీద లేచే గొడుగు!

చెదల సేద్యం

పుట్ట అనగానే పాము గుర్తుకొస్తుంది. కాని పుట్టను కట్టింది చెదపురుగులు. పాము ఎలుకల కోసమో, చల్లదనం కోసమో వచ్చి చేరిన అద్దెదారు, అదీ అద్దె ఇవ్వనిది. చెదల్లో కొన్ని జాతులు పుట్ట లోపల వ్యవసాయం చేస్తాయి. ఎండుటాకు, పుల్ల, గడ్డి కొరికి తెచ్చి తింటాయి. చెక్కలోని గట్టి పదార్థాలను అవి పూర్తిగా అరిగించుకోలేవు. సగం అరిగిన ఆ పదార్థాన్ని విసర్జించి, దానితోనే లోపలి గదుల్లో తేనెపట్టును పోలిన ఒక మెత్తని ముద్దను కడతాయి. దాని మీద ఒక శిలీంధ్రం పెరుగుతుంది. దాని పేరు టెర్మిటోమైసిస్. 1942లో రోజర్ హైమ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ ప్రజాతికి ఆ పేరు పెట్టాడు. శిలీంధ్రం ఆ ముద్దను మెత్తబరిచి, దాని మీద ఆవగింజలంత తెల్లని గుళికలను పుట్టిస్తుంది. చెదలు గుళికలను తింటాయి, పండిన ముద్దను తింటాయి, ఖాళీ అయిన చోట కొత్త ఎరువు వేస్తాయి. మనుషులు వ్యవసాయం మొదలుపెట్టి ఇంచుమించు పదివేల ఏళ్ళు. చెదలు సుమారు 3 కోట్ల సంవత్సరాల కిందటనే ఆఫ్రికాలో దీన్ని మొదలుపెట్టాయని శాస్త్రజ్ఞుల అంచనా.

ఈ సంగతిని మొట్టమొదట రాసినవారిలో ఒకరు మన ఆంధ్రదేశంలోనే కన్నుమూశారు. యోహాన్ గేర్‌హార్డ్ కూనిగ్ సుప్రసిద్ధుడైన లిన్నేయస్ శిష్యుడు. 1768లో తమిళదేశపు తీరంలోని తరంగంబాడికి డేన్‌ల వైద్యుడుగా వచ్చాడు. మొక్కలంటే ప్రాణం పెట్టే ఆయన చెదపుట్టలను కూడా తవ్వి చూశాడు. 1779లో అచ్చయిన ఆయన వ్యాసంలో చెదల జీవితంతోపాటు పుట్టలోపలి శిలీంధ్రం ప్రసక్తి కూడా ఉంది. 1785లో కాకినాడ పక్కనున్న జగన్నాథపురంలో ఆయన మరణించాడు. ఆ చివరి రోజుల్లో పక్కనున్నది సామర్లకోటలో పనిచేస్తూ ఉండిన విలియం రాక్స్‌బర్గ్. మన కోస్తా మొక్కల గురించి పెద్ద గ్రంథం రాసిన రాక్స్‌బర్గ్ ఈయనే.

వానలు మొదలవగానే పుట్టలోంచి రెక్కల చెదలు గుంపులుగా ఎగురుతాయి. దీపాల చుట్టూ మూగే ఉసిళ్ళు ఇవే. ఇవి కొత్త కాపురాలు పెట్టడానికి బయలుదేరిన రాజులు, రాణులు. ఆ తరువాత, ఇంచుమించు అదే కాలంలో, పుట్టలోపలి శిలీంధ్రం కూడా పైకి వస్తుంది. ముద్ద ఉన్నది అడుగు, రెండడుగుల లోతున. అక్కడినుంచి నేలను చీల్చుకొని రావాలి కాబట్టి ఈ గొడుగు నడినెత్తి మీద బొడిపెలాగా మొన తేలి ఉంటుంది. కాడ కింద, చూస్తే వేరనిపించే పొడవైన తోక ఒకటి లోతుగా దిగి ఉంటుంది. పైన పడిన సిద్ధబీజాలను, కొత్త కాపురాల్లో పుట్టిన పనివాళ్ళు ఏరుకొని వెళ్ళి తమ సేద్యం మొదలుపెడతాయి. చాలా చెదజాతుల్లో విత్తనం ఇలా ఏటేటా బయటినుంచి తెచ్చుకోవలసిందే. పెళ్ళికూతురు పుట్టింటినుంచి విత్తనం పట్టుకెళ్ళదన్నమాట!

టెర్మిటోమైసిస్‌లో పెద్దవీ ఉన్నాయి, చిన్నవీ ఉన్నాయి. ఆఫ్రికాలోని జాంబియా అడవుల్లో పెరిగే జాతి గొడుగు మీటరు వెడల్పు దాకా ఎదుగుతుంది. వాన వస్తే ఇద్దరు పిల్లలు దాని కింద నిలబడగలరేమో అనిపిస్తుంది గాని, కాడ పొట్టిది, వంగవలసిందే. మన దేశంలో దొరికే తెల్లని జాతి ఒకదానికి మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేసిన నటరాజన్ 1979లో హైమ్ గౌరవార్థం టెర్మిటోమైసిస్ హైమియై అని పేరు పెట్టారు. వేలిగోరంత గొడుగులు వందల సంఖ్యలో, అటుకులు చల్లినట్టు నేలంతా పరుచుకొనే జాతి మరొకటి ఉంది. అది పుట్ట లోతునుంచి రాదు. చెదలు ముద్ద తునకలను బయటికి తెచ్చి పడేసినప్పుడు వాటి మీద మొలుస్తుంది.

పుట్ట దగ్గర వెతికేటప్పుడు మరో రెండు వింతలను కూడా చూస్తూ ఉండండి. ఒకటి పొడాక్సిస్. చూడటానికి మూసిన గొడుగులాగా, ఎండిపోయి, పొలుసులతో ఉంటుంది. ఇది గొడుగు విప్పదు. లోపలి భాగమంతా ముదురురంగు పొడిగా మారి, పై పొర చిరిగినప్పుడు గాలికి పోతుంది. 1771లో దీనికి శాస్త్రీయంగా పేరు పెట్టినవాడు లిన్నేయసే. రెండవది జైలేరియా. పుట్టలోంచి నల్లని సన్నని కర్రలు, కాలిన వేళ్ళలాగా నిలబడి ఉంటే అది ఇదే. ఇది కనబడిందంటే లోపల కథ మారిందని అర్థం. చెదలు బతికున్నంతకాలం తమ సేద్యంలో ఈ కలుపును పెరగనివ్వవు. అవి చచ్చిపోయాకనో, పుట్ట వదిలి వెళ్ళాకనో పాడుపడ్డ ముద్ద మీద ఇది విజృంభిస్తుంది. కనుక తెల్లగొడుగు కనిపిస్తే ఇంట్లో జనం ఉన్నట్టు, నల్లకర్ర కనిపిస్తే ఇల్లు ఖాళీ అయినట్టు. ఒకే పుట్టను రెండు మూడేళ్ళు వరుసగా ఫోటో తీస్తే ఈ మార్పు మీకే తెలుస్తుంది.

తుపాను మిగిల్చిన దుంగలు

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. అప్పుడు గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనసచెట్లు తోటలకు తోటలే నేలకొరిగాయి. తాతలు నాటిన చెట్లు ఒక్కరాత్రిలో పడిపోయిన బాధ ఆ ఊళ్ళలో మీ తల్లిదండ్రులను అడిగితే చెబుతారు. కొన్ని దుంగలను కోసి తీసుకుపోయారు. తీయలేనివి, తీయనివి అక్కడే ఉండిపోయాయి. అలాంటి దుంగలు, మోడులు ఏమవుతాయి?

చెక్క గట్టిగా ఉండటానికి కారణం లిగ్నిన్ అనే పదార్థం. సెల్యులోజ్ పోగులను అది జిగురులాగా పట్టి ఉంచుతుంది. లిగ్నిన్‌ను పూర్తిగా విడగొట్టే శక్తి ప్రపంచంలో చాలా కొద్ది జీవులకే ఉంది. వాటిలో ముఖ్యమైనవి చెక్కను కుళ్ళబెట్టే శిలీంధ్రాలు. కొన్ని శిలీంధ్రాలు లిగ్నిన్‌ను కూడా తింటాయి. అప్పుడు చెక్క తెల్లబారి, పీచుపీచుగా అవుతుంది. దీన్ని తెల్లకుళ్ళు అంటారు. మరికొన్ని సెల్యులోజ్‌ను తిని లిగ్నిన్‌ను వదిలేస్తాయి. అప్పుడు చెక్క గోధుమరంగుకు తిరిగి, ఇటుకముక్కల్లాగా చదరాలుగా పగులుతుంది. ఇది గోధుమకుళ్ళు. కాబట్టి దుంగ మీద శిలీంధ్రాన్ని ఫోటో తీసినప్పుడు పక్కన ఊడిన చెక్కముక్కను కూడా ఒక ఫోటో తీయండి. తిన్నవాడి విస్తరి చూస్తే తిన్నదెవరో తెలుస్తుంది.

దుంగల మీద అందరికంటె ముందు కంటబడేది పిక్నోపోరస్. ఎర్రటి నారింజరంగులో విసనకర్రలాంటి పలకలు. దీని అడుగున రేకులుండవు, సూదితో పొడిచినట్టు సన్నని రంధ్రాలుంటాయి. బూడిదరంగులో, నూగుతో, అడుగు రేకులు నిలువునా చీలినట్టుండే చిన్న విసనకర్ర స్కైజోఫిల్లమ్. ఎండ కాస్తే దాని రేకులు లోపలికి ముడుచుకుంటాయి, నీరు తగిలితే మళ్ళీ విప్పుకుంటాయి. ఎండిన ముక్కను ఇంటికి తెచ్చి తడిగుడ్డ మీద ఉంచి ఈ తమాషా చూడవచ్చు. బొగ్గు ఉండలాగా కనిపించే డాల్డీనియాను నిలువునా కోస్తే, లోపల ఉల్లిపాయలాగా వలయాలు కనిపిస్తాయి. తడిసిన చెవి తమ్మెలాగా మెత్తగా వేలాడేది ఆరిక్యులేరియా.

ఇవన్నీ చచ్చిన చెక్కను తినేవి. రైతుకు హాని లేదు, పైగా మేలు. అయితే ఒక పలకను మాత్రం వేరుగా గుర్తుపెట్టుకోవాలి. బతికున్న కొబ్బరిచెట్టు మొదట్లో, నేలకు దగ్గరగా, వార్నిష్ పూసినట్టు మెరిసే గోధుమ ఎరుపు పలక, తెల్లని అంచుతో, కనిపిస్తే అది గానోడెర్మా కావచ్చు. ఈ శిలీంధ్రం వేళ్ళద్వారా ప్రవేశించి చెట్టు మొదలును లోపలినుంచి కుళ్ళబెడుతుంది. మొదలునుంచి ఎరుపు గోధుమరంగు బంక కారుతుంది. కింది మట్టలు వడలి కాండం వెంట వేలాడతాయి. పలక కనిపించేసరికి చాలావరకు ఆలస్యమయిపోయి ఉంటుంది. ఆ చెట్టు సంగతి సరే, పక్క చెట్ల సంగతి? తెగులు మట్టిద్వారా, వేళ్ళద్వారా పాకుతుంది కనుక, జబ్బు చెట్టు చుట్టూ కందకం తీసి మిగతావాటినుంచి వేరు చేస్తారు. ఆరోగ్యంగా ఉన్నవాటికి వేపపిండిలో ట్రైకోడెర్మా కలిపి వేస్తారు. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే! కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఈ పద్ధతి మీద చాలా కృషి చేసింది. ఒక చెట్టుకు బంక కారడం మీరు చూసి, మొదలు ఫోటో, చెట్టు మొత్తం ఫోటో తీసి ఉద్యానశాఖ అధికారికి చూపిస్తే, ఆ వరుసలోని మిగతా చెట్లు దక్కవచ్చు.

ఆకుల కింద ఆటబొమ్మలు

పిట్టగూడు శిలీంధ్రం ఎక్కువమందికి కనిపించదు. కారణం అది లేకపోవడం కాదు, అరసెంటీమీటరుకు కాస్త ఎక్కువ వెడల్పు మాత్రమే ఉండటం. కుళ్ళిన పుల్లల మీద, కొబ్బరిపీచు కుప్పల మీద వెతకండి. చిన్న గరాటులాంటి గూడు, అందులో నాలుగైదు బూడిదరంగు గుడ్లు. ఈ గుడ్లు సిద్ధబీజాల మూటలు. వానచినుకు సరిగ్గా గూటిలో పడితే, ఆ దెబ్బకు నీటితో సహా గుడ్డు పైకి చిమ్మి మీటరు దూరం దాకా వెళ్ళి పడుతుంది. సయాథస్ అనే ప్రజాతిలో గుడ్డుకు సన్నని తాడు, దాని చివర జిగురు ఉంటాయి. ఎగురుతూ పోయి పుల్లకు తగలగానే జిగురు అంటుకుంటుంది, తాడు పుల్లకు చుట్టుకుంటుంది. వడిసెల, రాయి, ఉరితాడు అన్నీ ఒక్కదాంట్లోనే! ఒక డ్రాపరుతో మీటరు ఎత్తునుంచి నీటిచుక్కలు వేసి, చుట్టూ తెల్లకాగితాలు పరిచి, గుడ్లు ఎంత దూరం పోతాయో మీరే కొలవవచ్చు.

భూతార కూడా చినుకుతోనే పని చేయించుకుంటుంది. మొదట ఉండలాగా ఉండి, పై తొక్క నక్షత్రంలాగా చీలి వెనక్కి వంగుతుంది. మధ్యలో పలుచని తిత్తి మిగులుతుంది. చినుకు తగిలినప్పుడల్లా తిత్తి నొక్కుకొని, నెత్తిమీది రంధ్రంలోంచి పొగలాగా సిద్ధబీజాలు వెలువడతాయి. చినుకు కోసం ఎదురుచూసే ఓపిక లేకపోతే పుల్లతో మెల్లగా తట్టండి. రెండోవారు ఫోటో తీయాలి, ఒక్కరివల్ల కాదు.

ఇక గాలినీ చినుకునూ నమ్ముకోకుండా ఈగలను పిలిచేది ఒకటుంది. తెల్లని కాడ, దాని చుట్టూ అల్లికపని చేసిన జాలీ ముసుగు, నెత్తిన ఆకుపచ్చ గోధుమరంగు జిగట. చూస్తే పెళ్ళికూతురు, వాసన చూస్తే చచ్చిన ఎలుక. ఆ కుళ్ళువాసనకు ఈగలు వచ్చి జిగట తిని, కాళ్ళకు అంటించుకొని సిద్ధబీజాలను మోసుకుపోతాయి. పొద్దున నిగనిగలాడినది మధ్యాహ్నానికి కూలబడుతుంది. కనుక కనిపించిన వెంటనే ఫోటో తీయాలి, ముక్కు మూసుకొని.

ఆకుల మీద పసుపు కలిపిన గంజి ఒలికినట్టు కనిపించి, మర్నాటికి జానెడు పక్కకు జరిగి ఉంటే కంగారుపడకండి. అది బంకబూజు. పేరులో బూజు ఉన్నా శిలీంధ్రం కాదు, అమీబాకు చుట్టం. దాన్నీ ఫోటో తీయండి, వేరే పుటలో అతికించండి.

మోకాళ్ళ మీద ఫోటో

శిలీంధ్రాల ఫోటో నిలబడి తీసేది కాదు. కెమేరా గొడుగు ఎత్తుకు దిగాలి. అంటే మీరు మోకాళ్ళ మీదనో, బోర్లానో ఉండాలి. పాత గోనెపట్టా ఒకటి వెంట ఉంచుకోండి. తోటల్లో చీకటి ఎక్కువ. వెలుతురు తక్కువైతే కెమేరా కన్ను ఎక్కువసేపు తెరుచుకొని ఉండాలి, ఆ సేపట్లో చేయి కదిలితే బొమ్మ అలుక్కుపోతుంది. అందుకని చిన్న గుడ్డసంచిలో ఇసుక నింపి, నేలమీద పెట్టి, దాని మీద ఫోనును ఆనించండి. ఉద్దానంలో ఇసుకకు కొదవ లేదు గదా! మీట నొక్కినప్పటి కుదుపు కూడా తగలకుండా, కొన్ని సెకన్లు ఆగి తానే తీసే ఏర్పాటు ఫోనులో ఉంటుంది, దాన్ని వాడండి.

ఫ్లాష్ వేస్తే తెల్లగొడుగు సున్నపుముద్దలాగా కనిపిస్తుంది, వెనక అంతా నల్లబడుతుంది. దానికి బదులు నోటుపుస్తకంలోని తెల్లకాగితాన్ని గొడుగుకు ఒక పక్కన ఏటవాలుగా పట్టుకుంటే, ఆకాశపు వెలుతురు దాని మీద పడి గొడుగు అడుగుకు చేరుతుంది. ఆకుల సందుల్లోంచి ఎండ మచ్చలుగా పడుతూ ఉంటే, మీ గొడుగు విప్పి వస్తువు మీద నీడ పట్టండి. పుట్టగొడుగుకు గొడుగు పట్టడమన్నమాట. మరీ దగ్గరకు వెళ్తే ఫోను కన్ను స్పష్టంగా చూడలేదు. కొంచెం వెనక్కి జరిగి తీసి, తరువాత పెద్దది చేసుకోవడమే మంచిది.

ప్రతి శిలీంధ్రానికి కనీసం మూడు ఫోటోలు కావాలి. చుట్టుపక్కల చెట్టు, దుంగ, పుట్ట కనిపించేటట్టు దూరంనుంచి ఒకటి. పక్కనుంచి, కాడ మొత్తం కనిపించేటట్టు ఒకటి. అడుగుభాగం ఒకటి. అడుగుభాగం కోసం పెకలించనక్కరలేదు. చిన్న అద్దాన్ని గొడుగు కిందికి జరిపి, అద్దంలోని బొమ్మను ఫోటో తీయవచ్చు. పక్కన ఒక అగ్గిపుల్లో, రూపాయి బిళ్ళో, స్కేలో పెట్టకపోతే తరువాత అది బటాణీ అంతదో, బంతి అంతదో మీకే గుర్తుండదు. తేదీ, ఊరు, చెట్టు పేరు, వాసన, గిల్లితే రంగు మారిందా అన్న సంగతి పుస్తకంలో రాసుకోవాలి. ఫోటోకు వాసన తెలియదు. అందంకోసం చుట్టూ ఉన్న చెత్తంతా ఊడ్చేసి తీసేవాళ్ళుంటారు. నా మటుకు నాకు అది ఇష్టం లేదు. ఆ చెత్తే దాని అన్నం, అన్నం తీసేసి ఫోటో దిగమంటే ఎలా?

తోటలోకి వెళ్ళేటప్పుడు తోటవారికి చెప్పి, పెద్దవాళ్ళను వెంట తీసుకొని, బాగా తెల్లవారాకనే వెళ్ళాలి. చేతికర్రతో తట్టకుండా ఆకుల్లో చేయి పెట్టవద్దు, రక్తపింజరి ఎండుటాకుల రంగులోనే ఉంటుంది. ఉద్దానంలో ఎలుగుబంట్లు కూడా ఉన్నాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగుబంటి దాడిచేసి ఒకరిని చంపింది, కొందరిని గాయపరిచింది. జీడిపళ్ళన్నా, చెదలన్నా దానికి ప్రీతి. పుట్ట కొత్తగా తవ్వి ఉంటే అక్కడ ఆగవద్దు, వెనక్కి వచ్చేయండి.

తెల్లవి రెండు

టెర్మిటోమైసిస్‌ను మన ప్రాంతాల్లో ఇష్టంగా తింటారు. సరిగ్గా అదే కాలంలో, అదే తెలుపులో, పెద్ద గొడుగుతో గడ్డినేలల్లో లేచే మరొకటి ఉంది. దాని పేరు క్లోరోఫిల్లమ్. అది తింటే కొద్ది గంటల్లో విపరీతమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. అంతకంటె ప్రమాదకరమైనవి అమనిటా ప్రజాతిలో ఉన్నాయి. వాటిలో కొన్నింటి విషం ఉడికించినా పోదు. తిన్న ఆరు గంటలకో, పన్నెండు గంటలకో గాని బాధ మొదలవదు. మధ్యలో తగ్గినట్టు అనిపించి, తరువాత కాలేయం దెబ్బతింటుంది. వెండినాణెం నల్లబడితేనే విషమనీ, పురుగులు తిన్నది మనమూ తినవచ్చుననీ చెప్పే పరీక్షలన్నీ ఉత్త మాటలు. ఫోటో చూసి పేరు చెప్పే ఫోను యంత్రాలను కూడా ఈ విషయంలో నమ్మరాదు. మీరు ఫోటో తీసినవాటిలో ఏదీ వంటింటికి వెళ్ళకూడదు. తెలియనిదాన్ని ముట్టుకుంటే చేతులు కడుక్కోండి.

మరి ఆ రెండు తెల్లవాటికి తేడా తెలిసేదెలా? పైనుంచి తీసిన ఫోటోలో తెలియడం కష్టం. కాడ మొదలు ఫోటోలో ఒకదానికి లోతుకు దిగే తోక ఉంటుంది, రెండవదానికి ఉండదు. ఇంకొక సాక్ష్యం సిద్ధబీజాల రంగు. బాగా విచ్చుకున్న గొడుగును కాడనుంచి వేరుచేసి, రేకులు కిందికి ఉండేటట్టు కాగితం మీద పెట్టండి. కాగితంలో సగం తెలుపు, సగం నలుపు ఉంటే మంచిది, తెల్లని సిద్ధబీజాలు నల్లదాని మీదనే కనిపిస్తాయి. గాలి తగలకుండా పైన గాజుగ్లాసు బోర్లించి, రాత్రంతా కదపకుండా వదిలేయండి. పొద్దున గొడుగు తీస్తే, రేకుల వరుసలు ముగ్గు వేసినట్టు కాగితం మీద దిగి ఉంటాయి. పుట్ట మీదిదయితే లేత గులాబీరంగు. క్లోరోఫిల్లమ్ అయితే, పైకి అంత తెల్లగా ఉన్నా, ముగ్గు ఆకుపచ్చగా పడుతుంది. చేయి తగిలితే చెరిగిపోతుంది కనుక ముందు ఫోటో తీసి, తరువాత పైన పారదర్శకమైన టేపు అంటించి, వెనకవైపు పెన్సిలుతో తేదీ, చోటు రాయండి.